జాగా పెంచబోయి తాత మాట పోగొట్టుకున్నాం



మాది దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక కోయ గూడెం. మేం నలుగురం డిగ్రీ చదువుతున్నాం. నలుగురికీ కలిపి ఒకటే పాత ల్యాప్‌టాప్, 256 జీబీది. మా నోట్సు, గూడెంలో వాళ్ల కుల సర్టిఫికెట్లు, ఆధార్లు, పోడు పట్టాల స్కాన్లు అన్నీ దాంట్లోనే. వాటికి తోడు పెద్దోళ్ల మాటలు వీడియో తీసి పెట్టాం.

ఎందుకంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమి అడగాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే అది మన సాగులో ఉందని చూపాలి. మనోళ్ల దగ్గర కాగితాలు ఎక్కడివి? అందుకే 2008 నియమాల్లో, పెద్దలు చెప్పింది రాసి పెడితే దాన్నీ సాక్ష్యంగా తీసుకోవచ్చని ఉంది. ఒక తాత ఎవరు ఎక్కడ పోడు కొట్టారో, ఏ వాగు దాకా హద్దో పేర్లతో సహా కోయలో గంటన్నర చెప్పాడు. తీరిగ్గా తెలుగులో రాద్దాంలే అనుకున్నాం.

ఇంతలో సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత వచ్చింది. సంతలో చవకగా 1 టీబీ పెన్‌డ్రైవ్ దొరికితే కొని, వీడియోలన్నీ కట్ చేసి దాంట్లో వేశాం. కాపీ కాదు, కట్. వారం తర్వాత చూస్తే ఫైళ్ల పేర్లు ఉన్నాయి, తెరిస్తే ఏమీ లేదు. అది నకిలీది, పైకి 1 టీబీ చూపిస్తుంది కానీ లోపల అంత జాగా లేదు. మళ్లీ అడుగుదామంటే తాత ఆ వానాకాలమే చనిపోయాడు. వాళ్ల ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి మాకు నెల పట్టింది.

తర్వాత డబ్బులు పోగేసి ఖమ్మం వెళ్లి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాం. మీరు వెళ్తే ఇవి గుర్తుంచుకోండి.

ముందు ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ రాసుకెళ్లండి. సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు ఉంటాయి, ఒకదానికి పట్టేది ఇంకోదానికి పట్టదు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి. అది లేకపోతే మన డేటా మనకే తెరుచుకోకపోవచ్చు.

పాత డ్రైవ్‌ను కొత్తదానికి క్లోన్ చేశాక సీ డ్రైవ్ పాత సైజే చూపిస్తుంది, భయపడకండి. మిగతా జాగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘అన్‌ఎలొకేటెడ్’ అని ఉంటుంది. సీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ కొట్టాలి. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటే ఆ ఆప్షన్ పని చేయదు, అది తెలిసినవాళ్లతో జరిపించండి. 1 టీబీకి 931 జీబీయే కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కలో తేడా.

పని అయ్యేదాకా షాపులోనే కూర్చోండి. పాత ఎస్‌ఎస్‌డీ అక్కడ వదలొద్దు, గూడెం మొత్తం ఆధార్లు దాంట్లో ఉంటాయి. మేం దాన్ని తెచ్చి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, బ్యాకప్‌గా వాడుతున్నాం. దాన్ని ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్‌తో లాక్ చేశాం. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరూ తీయలేరు కాబట్టి ఇద్దరి దగ్గర ఉంచాం.

ఆ డ్రైవ్ మా గూడెంలో ఉండదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులు వచ్చింది కదా. అలాంటి వరదొస్తే ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలూ ఒకేసారి పోతాయి. అందుకే మెరక మీదున్న చుట్టాలింట్లో పెట్టి, రెండు మూడు నెలలకోసారి తెచ్చి, కొత్తవి కలిపి, పాతవి తెరిచి చూస్తాం. పట్టాలు, పెద్దల ఆడియోలు గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉన్నాయి. 15 జీబీ ఉచితం, వీడియోలకు చాలదు కానీ వీటికి సరిపోతుంది. రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేయండి.

ఇప్పుడు మా పద్ధతి ఒకటే. ముందు కాపీ చేస్తాం, ఆ కాపీని చివరిదాకా తెరిచి చూస్తాం, ఆ తర్వాతే డిలీట్. పెద్దోళ్లు చెప్పింది ఆ వారంలోనే కాగితం మీద రాసి, వాళ్లకు చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంటున్నాం.

తాత వాళ్ల అవ్వ ఇంకా ఉంది. హద్దుల సంగతి ఆమెకు సగం గుర్తుంది. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. మీ ఊళ్లో కూడా పెద్దోళ్లుంటే ఆలస్యం చేయకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

జై ఆదివాసీ.