పద్మినికి రిపేరా? పార్టులకు బేరమా?

మన సినిమాల్లో కారు చెడిపోవడం ఎప్పుడూ శుభశకునమే! అర్ధరాత్రి, జోరున వాన, మనిషి జాడలేని రోడ్డు... బానెట్ సందుల్లోంచి పొగ. హీరోయిన్ కిందికి దిగి బిక్కుబిక్కుమంటూ చూస్తుంది. సరిగ్గా అప్పుడే హీరోగారు ప్రత్యక్షం! ఏదో వైరు లాగి, ఏదో స్క్రూ తిప్పి, చేతికంటిన గ్రీజు కాస్త బుగ్గకు రాసుకుంటాడు. బండీ స్టార్టు, పాటా స్టార్టు! 1958లో వచ్చిన హిందీ చిత్రం ‘చల్తీ కా నామ్ గాడీ’లో మధుబాల కారు వానలో మొరాయించబట్టే కదా, గ్యారేజీలో ఉన్న కిశోర్ కుమార్ కంట పడింది!

పాఠకులారా, తెర బయట చెడిపోయిన కారు కథ వేరు. వాన ఉంటుంది, గ్రీజు ఉంటుంది, పాట మాత్రం ఉండదు. దాని బదులు బిల్లు ఉంటుంది!

ఇంతకీ నా కథలో నాయిక పేరు పద్మిని. ప్రీమియర్ పద్మిని. 1979 మోడల్. మన నాన్నల కాలంలో ‘ఫియట్’ అంటే ఇదే. 1964లో ‘ఫియట్ 1100 డిలైట్’గా బొంబాయి ఫ్యాక్టరీలో మొదలై, 1970లలో పేరు మార్చుకుని పద్మిని అయింది. ఇంజన్ 1089 సీసీ. గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే ఉంటుంది. పాత సినిమాల్లో డాక్టరుగారు బ్యాగు పట్టుకుని దిగేదీ, అమ్మాయిగారు కాలేజీకి వెళ్ళేదీ చాలాసార్లు ఈ జాతి బండిలోనే.

నేను దాన్ని కొన్నది 2021లో. యాభై అయిదు వేలు. కొన్నప్పుడే ఇంజన్ పట్టేసి ఉంది. పట్టేయడం అంటే ఏమిటో సైకిలు తప్ప ఎరగని మిత్రుల కోసం చెబుతాను. రేడియేటర్‌లో నీళ్ళు అడుగంటితే ఇంజన్ కాగిపోతుంది. కాగితే హెడ్ వంగుతుంది, గాస్కెట్ పేలుతుంది, నీళ్ళు ఆయిల్లో కలిసి ఆయిల్ కాస్తా మజ్జిగ రంగుకు తిరుగుతుంది. ఆపైన పిస్టన్లు సిలిండర్లను కరుచుకుని కదలనంటాయి. అదీ సంగతి! అయినా కొన్నాను. తీరిక దొరికినప్పుడల్లా కాస్త కాస్త బాగుచేసి రోడ్డెక్కించాలన్నది నా ముచ్చట. సినిమా వ్యాసాలు రాసి బతికేవాడికి ఇంకో ఆశ కూడా ఉంది. ఈ మధ్య పాతకాలపు కథలకు గిరాకీ పెరిగింది. ‘మహానటి’ (2018) తీయాలన్నా, 1989 నాటి బొంబాయిని చూపించే ‘లక్కీ భాస్కర్’ (2024) తీయాలన్నా వీధి నిండా పాత కార్లు కావాలి. మన బండి అద్దెకు వెళ్తే దాని పెట్రోలు అదే సంపాదించుకుంటుంది కదా అని!

బండిని విజయవాడ ఆటోనగర్ దగ్గర ఒక రేకుల షెడ్డులో పెట్టాను. నాగచైతన్య ‘ఆటోనగర్ సూర్య’ (2014) చూసినవాళ్ళకు ఆ ఊరి వాతావరణం చెప్పక్కర్లేదు. అక్కడ లారీని పొద్దున ముక్కలు చేస్తారు, సాయంత్రానికి ఆ ముక్కలతో వేరే లారీ కడతారు. నా బండిని చూసే మెకానిక్ వయసు అరవై దాటింది. అందరికీ ఆయన బాబాయే. ఫియట్ చప్పుడు వీధి చివర వినబడితే చాలు, ఏ వాల్వు వదులైందో చెప్పేస్తాడు.

నాలుగేళ్ళలో ఇంకో ముప్పై వేలు ఖర్చయింది. ఇంతలో షెడ్డు యజమాని కబురు పెట్టాడు. “సంక్రాంతికల్లా ఖాళీ చెయ్యండి. గోడౌను కట్టుకుంటున్నాం.” అప్పటికి నలభై రోజులే గడువు. ఇక వాయిదాలు లేవు. రిపేరు చేయించి రోడ్డెక్కించాలి, లేదా విప్పి పార్టులుగా అమ్మేయాలి.

“అమ్మడమేంట్రా అబ్బాయ్!” బాబాయ్ ఇంతెత్తున లేచాడు. “ఇంజన్ పట్టేయడం కూడా ఓ జబ్బేనా? సిలిండర్లు బోరు చేయించి ఓవర్ సైజు పిస్టన్లు వేస్తే పరుగెత్తుకుంటూ పోద్ది!”

ఆయన మాట నిజమే. ఇంజన్ ఎంత భయపెట్టినా లేత్ పనికి లొంగుతుంది. అసలు విలన్ వేరే చోట దాక్కున్నాడు. ఒకరోజు ఇద్దరం కలిసి ఫ్లోరు మీది పాత తారుపూత గోకాం. బాబాయ్ స్క్రూడ్రైవర్‌తో ఒక్క పోటు పొడిచాడు. అది బిస్కట్‌లోకి దిగినట్టు దిగిపోయింది! డ్రైవరు సీటు కింద అరచేయంత చిల్లు. తలుపుల కింద ఉండే పెట్టె రేకులు చేతితో నొక్కితే పొడి పొడి.

“రేకే కదా బాబాయ్, కొత్తది అతికిస్తే?” అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. లారీకి కింద వేరే ఛాసిస్ ఉంటుంది. పైన బాడీ తుప్పు పట్టినా ఛాసిస్ మోస్తుంది. ఫియట్‌కు అలా కాదు. బాడీయే ఛాసిస్. ఆ ఫ్లోరూ, ఆ పెట్టె రేకులే మొత్తం బరువు మోసేవి. అవి పోతే తలుపులు సరిగా మూతపడవు, చక్రాలు వరసలో ఉండవు. ఎక్కడైనా గుద్దుకుంటే లోపలివాళ్ళను కాచే బలమే ఉండదు. పైన రంగు కొట్టి మెరిపించవచ్చు... మేకప్ వేసినంత మాత్రాన ఎముక అతకదు కదండీ!

ఆ రాత్రి లెక్క రాశాను. ఇంజన్, లేత్ పని అరవై అయిదు వేలు. ఫ్లోరు, టింకరింగ్ తొంభై వేలు. పెయింటింగ్ యాభై. టైర్లు, బ్రేకులు, వైరింగ్, సీట్లు యాభై అయిదు. కాగితాలకు ఇరవై. మొత్తం రెండు లక్షల ఎనభై వేలు! అంతా అయ్యాక అమ్మితే రెండు లక్షలు వస్తే గొప్ప. బ్యాంకులో నాకున్నది లక్షా ఎనభై. నెల జీతం లేనివాడికి అదే ప్రావిడెంట్ ఫండు, అదే ఆసుపత్రి ఖర్చు, పత్రికల చెక్కులు ఆలస్యమైన నెలల్లో అదే ఇంటద్దె.

కాగితాల సంగతీ చిన్నది కాదు. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5000. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. “వింటేజ్ కింద రాయించుకో గురూ” అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. 2021 నాటి నిబంధనల ప్రకారం దానికి బండి వయసు యాభై ఏళ్ళు దాటాలి. పైగా వింటేజ్ బండిని వ్యాపారానికి వాడకూడదు. అంటే సినిమా అద్దెల ఆశకు అక్కడే ‘కట్’ చెప్పినట్టు!

సరిగ్గా ఈ సమయంలో కథలోకి మూడో పాత్ర వచ్చింది. ఆర్ట్ డిపార్టుమెంటులో పనిచేసే మిత్రుడు ఫోన్ చేశాడు.

“గురూ, నీ ఫియట్ ఉందటగా? ఇంజన్ లేకపోయినా ఫర్వాలేదు. రంగు కొట్టి నిలబెడతాం. క్లైమాక్స్‌లో పేల్చేస్తాం. పాతిక వేలు, స్పాట్ క్యాష్!”

నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగి ఆలోచన మొదలైంది. విప్పే బాధ లేదు, బేరాల గోల లేదు, గడువులోగా షెడ్డు ఖాళీ. పైగా నా పద్మిని వెండితెర ఎక్కుతుంది. మూడు సెకన్లే అనుకోండి... ఈలలు పడతాయి! ఇలాంటి షాట్లకు నేనూ ఈల వేసినవాణ్ణే.

ఆ రాత్రి నిద్ర పట్టక గుర్తు చేసుకున్న సినిమా మాత్రం ఇంకొకటి. రిత్విక్ ఘటక్ తీసిన బెంగాలీ చిత్రం ‘అజాంత్రిక్’. అదీ 1958లో వచ్చిందే. అందులో బిమల్ అనే టాక్సీ డ్రైవరుకు ‘జగద్దల్’ అనే డొక్కు కారుంటుంది. దానితో మాట్లాడతాడు, అలుగుతాడు, బుజ్జగిస్తాడు. ఆఖరికి ఉన్న డబ్బంతా పోసి రిపేరు చేస్తాడు. అయినా బండి నడవదు. పాత ఇనుము వ్యాపారి వచ్చి పట్టుకుపోతాడు. బిమల్ కన్నీళ్ళతో చూస్తూ ఉంటే, ఎవరో పసివాడు ఆ కారు హారన్ దొరకబుచ్చుకుని నొక్కుతుంటాడు. ఆ చప్పుడుకు బిమల్ ముఖంలో నవ్వు! ఒకే ఏడాది రెండు కార్లు. ఒకటి నవ్వించింది, ఒకటి ఏడిపించి నవ్వించింది. బిమల్ తన చేతిలో ఉన్నదంతా పోశాడు. నేనూ పోయాలా?

పొద్దున్నే వెళ్ళి బ్లాస్ట్ సీను సంగతి బాబాయ్‌కి చెప్పాను. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“పేల్చడానికి గేరు బాక్సు ఎందుకురా?” అన్నాడు. “అందులో పళ్ళు ఇంకా కొత్తవాటిలా ఉన్నాయి. బొంబాయిలో ఫియట్ టాక్సీలు తిరిగినన్నాళ్ళూ సామాను ఎక్కడో చోట దొరికేది. ఇప్పుడు ఆ టాక్సీలూ లేవు.” (2023 అక్టోబరుతో బొంబాయిలో పద్మిని టాక్సీల కథ ముగిసింది.) “గుడివాడలో రిటైరైన మాస్టారొకరున్నారు. ఎనభై నాలుగు మోడల్. ఫ్లోరు ఇనుములా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. గాలివానకు చెట్టుకొమ్మ పడి ఎడమ తలుపులు రెండూ నలిగాయి. గేరు బాక్సు అరుస్తోంది. ఏడాది నుంచి నా ప్రాణం తీస్తున్నాడాయన, సామాను వెతికిపెట్టమని.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం బాబాయ్?”

“నీ బండి బతుకుద్దేమోనని...” అని ఊరుకున్నాడు.

ఇంకేం కావాలి! ఇక్కడ తలుపులూ గేర్లూ బాగున్నాయి, ఎముక లేదు. అక్కడ ఎముక బాగుంది, తలుపులూ గేర్లూ లేవు. రెండు డొక్కు బళ్ళు షెడ్లలో కూర్చునే బదులు ఒకటి రోడ్డు మీద తిరుగుతుంది. మిత్రుడికి ఫోన్ చేసి “మా అమ్మాయికి క్లైమాక్స్‌లో వేషం వద్దు గురూ” అన్నాను.

రెండు ఆదివారాలు విప్పాం. మాస్టారికి గేరు బాక్సు, ఎడమ తలుపులు రెండూ, అద్దాలు. డిఫరెన్షియల్ ఏలూరుకు. గ్రిల్, బంపర్లు, మీటర్ల బోర్డు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రాడికి. అన్నీ కలిపి డెబ్బై ఆరు వేలు. పెట్టిన ఎనభై అయిదుకు తొమ్మిది తక్కువ. బాబాయ్ కూలీ అదనం. ఆయన తీసుకోనన్నాడు, నేను ఇవ్వక మాననన్నాను. బ్యాంకులో లక్షా ఎనభై మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ కుర్రకారుకు ఒక ముఖ్యమైన మాట. పార్టులు అమ్మేసి చేతులు దులుపుకుంటే చాలదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి ఇక పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలపాలి, ఆర్.సి. రద్దు చేయించుకోవాలి. లేకపోతే మీ నంబరు ఏ దొంగబండి మీదో తిరుగుతుంది, పోలీసులు మీ ఇంటికొస్తారు. ఆ సీన్లో కామెడీ ఉండదు!

మీలో ఎందరి పెరట్లోనో నాన్నగారి చేతక్ స్కూటరో, తాతగారి అంబాసిడరో టార్పాలిన్ కింద నిద్రపోతూ ఉంటుంది. ఇంజన్ పోయిందని బెంగపడకండి. ముందు కింద పడుకుని రేకు చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తర్వాత బీరువా తీసి కాగితాలు చూడండి. ఆ రెండూ బతికుంటే అప్పుచేయకుండా ఎంతవరకు వెళ్ళగలరో లెక్కేసి రిపేరు మొదలెట్టండి. రెండూ పోయి ఉంటే మాత్రం ఇంకో నాలుగు వానాకాలాలు తడవనీయకండి. ఇవాళ పనికొచ్చే తలుపు అప్పటికి పనికిరాదు.

మొన్న మాస్టారు ఫోన్ చేశారు. బండి బ్రహ్మాండంగా ఉందట. మనవరాలిని ఎక్కించుకుని బందరు వెళ్ళొచ్చారట. “తలుపులకు రంగు ఇంకా వేయించలేదు బాబూ, పెన్షను రానీ” అన్నారు. గుడివాడ వైపు వెళ్ళినప్పుడు తెల్ల ఫియట్ ఎదురైతే ఎడమవైపు చూడండి. తలుపులు రెండూ ఆకుపచ్చగా ఉంటాయి. అవి మావే!