సూపు

నేను ఏడో తరగతిలో ఉండగా మా మాలపేటలో కేంపు పెట్టడానికి కాలేజీ వాళ్ళొచ్చారు. మా మామ్మ అరుగు మీద కూచుని బియ్యం చెరుగుతోంది. ఆమెకి రవికె తొడుక్కునే అలవాటు లేదు. ఒక మాటైనా అడక్కుండా ఫొటో తీశారు. మామ్మ గబుక్కున చేటని గుండెలకి అడ్డం పెట్టుకుంది. బియ్యమంతా నేలపాలు.

"నానేటి సంతలో గొడ్డునా, అలాగ సూత్తన్నారు?" అని వాళ్ళెళ్ళాక ఏడ్చింది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మొదటి సర్కారు జీతమూ నాదే. ఆ జీతంలో దాచుకున్న డబ్బుతో 2019లో తోటి టీచర్లతో కలిసి అండమాన్ వెళ్ళాను. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, అప్పటికింకా అది పోర్ట్ బ్లెయిరే. చేపల బజారులో మన శ్రీకాకుళం యాస వినబడితే ప్రాణం లేచొచ్చింది. ఒక పెద్దాయన టీ ఇప్పించాడు.

"ఇక్కడ కులాల్లేవు బాబూ. పాతకాలం ఖైదీలు కులం సూసుకోకుండా మనువాడుకున్నారు. ఆళ్ళ పిల్లలే ఈ లోకల్ బార్న్‌లు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఇంతకీ మీ ఇంటిపేరేటి?" అన్నాడు.

సెల్యులార్ జైలు చూశాం. ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. స్వాతంత్ర్య యోధుల కథ విని అందరం కళ్ళు తుడుచుకున్నాం. 1859లో ఆ నేల కోసం అబర్డీన్ దగ్గర తెల్లవాళ్ళ మీద విల్లంబులతో తిరగబడిన అండమాన్ ఆదివాసుల సంగతి మాకెవరూ చెప్పలేదు. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు ఇప్పుడు కొన్ని పదుల మందే. వాళ్ళ బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో చనిపోయింది.

మర్నాడు బారాటాంగ్ ప్రయాణం. దారి జారవాల అడవిలోంచే. వాళ్ళ రక్షణకి 1956 నుంచీ చట్టముంది. ఆగకూడదు, ఫొటో తియ్యకూడదు, తిండి పెట్టకూడదు. 2012లో, తిండి కోసం జారవా ఆడవాళ్ళ చేత ఆడించిన వీడియో బయటపడి దేశమంతా గోలయింది. అయినా బళ్ళు వరసకట్టి వెళ్తూనే ఉన్నాయి.

"కనబడతారంటావా? డబ్బులు దండగేనా?" అన్నాడు పక్క సీటు మాస్టారు.

కనబడింది. రోడ్డు వార ఒక తల్లి, చంకలో బిడ్డ. బస్సంతా ఒక పక్కకి ఒరిగింది. నేనూ లేచి, కిటికీలోంచి మెడ సాచి చూశాను. ఆమె మొహం అటు తిప్పేసుకుంది.

మామ్మ చేట గుర్తొచ్చింది. కూలబడ్డాను. ఇన్నేళ్ళూ నన్ను చూసినోళ్ళని తిట్టుకున్నాను. చదువూ జీతమూ వచ్చాక, టికెట్టు కొనుక్కుని వాళ్ళ పక్కనే కూచున్నాను.

ఇదంతా బడిలో పిల్లలకి చెప్పాను. మా పేట పిల్లే ఒకతి లేచి, "మరి మీరెందుకెల్లారు మాస్టారూ?" అంది.

"సూడ్డానికే" అన్నాను. అబద్ధం చెప్పలేదు.