నీటి కింది వీధికి ఒక చిత్రం

మా ఇంటి గోడలకు మనుషుల చిత్రాలు ఉండవు. అబ్బాకు మొదటినుంచీ అది ఇష్టం లేదు. దాదా ముఖాన్ని సైతం నష్టపరిహారపు కాగితం మీద అతికించిన ఒక్క చిన్న ఫొటోలోనే మేము చూశాం. ఆ కాగితాలు దిగువ మానేరు జలాశయంలో మునిగిన మా పాత ఊరివి. ఆనకట్ట పని 1974లో మొదలై 1985లో పూర్తయింది. ఆ నడుమనే మా పెద్దలు సామాను బండ్లకెత్తుకుని కరీంనగర్ చేరారు. ఊరి మస్జిదుకు గానీ, దాని ముంగిటి వేపచెట్టుకు గానీ, మా ఇంటి దర్వాజాకు గానీ ఒక్క చిత్రమైనా మిగలలేదు.

రెండేళ్ల క్రితం అబ్బాకు జ్ఞాపకశక్తి సన్నగిల్లసాగింది. "మన మస్జిదుకు మెట్లు మూడా, నాలుగా?" అని ఒకనాటి సాయంత్రం ఆయన అడిగారు. మేము నలుగురు తోబుట్టువులం. ఒక్కరికీ జవాబు తెలియలేదు. ఆనాటి నుంచే మేము ఫొటోలు తీయడం మొదలుపెట్టాం. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. కట్టడాలు, చెట్లు, కొండలు, నీళ్ల విషయంలో అబ్బాకూ అభ్యంతరం లేదు.

ఫజ్ర్ నమాజ్ ముగించుకుని, రద్దీ పెరగకముందే కమాన్ వద్దకు, టవర్ సర్కిల్ వద్దకు వెళ్లేవాళ్లం. మొదట్లో మా చిత్రాలలో గోడలన్నీ వెనక్కి ఒరిగినట్టు కనిపించేవి. కట్టడం కిందే నిలబడి ఫోను పైకెత్తడమే అందుకు కారణమని తర్వాత తెలిసింది. నాలుగడుగులు వెనక్కి జరిగి, ఫోను నిటారుగా పట్టుకుంటే గోడ నిటారుగానే వస్తుంది. వెలుతురు నడక సంగతి పిల్లలకు చెప్పడానికి అట్టపెట్టెకు సూదిబెజ్జం చేసి చూపించాం. ఎదుటి మేడ లోపల తలకిందులుగా కనిపించింది. 965లో బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ చీకటి గదిలోకి సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును ఇలాగే పరిశీలించారు. కెమెరా కథలో మన పెద్దలకూ వాటా ఉందని విని పిల్లలు సంబరపడ్డారు.

కరీంనగర్ పేరు సయ్యద్ కరీముద్దీన్ అనే ఖిలాదారు వల్ల వచ్చిందంటారు. అంతకుముందు పాలనాకేంద్రంగా ఉన్న ఎల్గందల్‌కు అబ్బాను తీసుకెళ్లాం. జఫరుద్దౌలా 1754లో కట్టించిన మస్జిదు మీనార్లను మేము గురి చూస్తుంటే, నీడన కూర్చున్న అబ్బా, "మీనార్లను అందరూ తీస్తారు, మెట్లు కూడా తీయండి" అన్నారు. ఆ మాట మాకు పాఠమైంది. మానేరు మీద 2023లో ప్రారంభమైన తీగల వంతెనను తీసినప్పుడు కూడా, దాని కింది రాళ్లను, బట్టలుతికే రేవును వదలలేదు.

వానాకాలంలో ఆదిలాబాద్ వైపు కుంతాల జలపాతానికి వెళ్లాం. కడెం నది అక్కడ దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. మంచి కోణం కోసం మా మేనల్లుడు పాచి పట్టిన బండ మీద కాలు మోపి జారాడు. పక్కనున్నవారు చేయి పట్టుకోబట్టి, అల్‌హందులిల్లాహ్, క్షేమంగా బయటపడ్డాడు. ఏ చిత్రమూ ప్రాణానికి సాటిరాదు. ఆనాటి నుంచి నీటి అంచుకు పోకుండా దూరం నుంచే తీస్తున్నాం. మెట్లు దిగలేని అబ్బా పైనే కూర్చుని ఆ హోరును విన్నారు.

ఈ వేసవిలో జలాశయం నీరు బాగా వెనక్కి తగ్గింది. అసర్ తర్వాత కట్ట మీద నిలబడి అబ్బా ఒకవైపు చేయి చాపారు. ఆ వైపున మేము తీసిన చిత్రంలో నీళ్లు, ఎండిన బురద, రెండు కొంగలు తప్ప ఏమీ లేవు. అయినా దాన్ని అచ్చు వేయించి, వెనుక తేదీ రాసి, ఎవరి ఇల్లు ఎక్కడుండేదో అబ్బా చెప్పినట్టే రాసుకున్నాం. మస్జిదుకు మూడు మెట్లన్నారు. మరుసటి వారం నాలుగన్నారు. రెండూ రాశాం.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ మొహల్లా మస్జిదును, పాత బావిని, తాతల నాటి దర్వాజాను ఈ జుమా నాడే ఒక చిత్రం తీయండి. చెప్పగలిగిన పెద్దలు ఉండగానే వాటి వెనుక రెండు వాక్యాలు రాసి పెట్టండి. మెట్లు కూడా లెక్కపెట్టండి.