నేలకు ఆన్చిన చేయి

నా పండ్రెండవ యేట జరిగిన యొక సంగతి మీతో చెప్పుకొనగోరుచున్నాను. అప్పుడు నేను హాస్టలులో ఉండి చదువుచుంటిని. చదువుకంటె గోలీల మీదనే నాకు ధ్యాస మెండు. అర్ధసంవత్సర పరీక్షలలో లెక్కలు, ఇంగ్లీషు రెండును తప్పితిని. మార్కుల కాగితము అడుగున మాష్టరుగారు ఇంగ్లీషున రెండు మాటలు వ్రాసిరి: “నకిల్ డౌన్”.

క్రిస్మసు సెలవులకు ఇంటికి పోగా, మా నాయన ఆ కాగితము చేతబట్టి, “అయ్యవారు ఏమి వ్రాసినారురా అబ్బాయీ?” అని అడిగెను. ఆయనకు అక్షరములు రావు. నాకును ఆ మాటకు అర్థము తెలియదు. అయినను, “బాగుగా చదువుచున్నాడని వ్రాసినారు” అంటిని. నాయన ఆ కాగితమును మడిచి తలగుడ్డలో దోపుకొని పల్లె అంతయు తిరిగి చూపి వచ్చెను. ఆ రాత్రి నాకు అన్నము సయించలేదు.

సెలవులైన తరువాత మాష్టరుగారినే అర్థమడిగితిని. ఆయన నవ్వి, “నీ జేబులోని గోలీ తీయుము” అనిరి. పిమ్మట నేలమీద కూర్చుండి ఇట్లు చెప్పిరి. నకిల్ అనగా వ్రేలి మెటిక. మన పిల్లలు బొటనవ్రేలు నేలకాన్చి, నడిమివ్రేలిని విల్లువలె వెనుకకు వంచి గోలీ కొట్టుదురు. ఇంగ్లండు పిల్లలు మెటికను నేలకాన్చి బొటనవ్రేలితో గోలీని చిమ్ముదురు. మెటిక నేలనుండి లేచెనా, ఆ దెబ్బ చెల్లదు. నకిల్ డౌన్ అనగా మెటిక దించి సరిగా ఆడుమని అర్థము.

ఈ ఆటమాట 1740 నాటికే వాడుకలో నున్నది. 1860 తరువాత అమెరికాలో దీనికి, మనస్సుపెట్టి పనికి పూనుకొనుట అను అర్థము కలిగెను. చిత్రమేమనగా, ఆటలో పుట్టిన మాటయే ఆట చాలించుమని చెప్పు మాట ఆయెను.

మరియొక సంగతి తరువాత చదివి తెలిసికొంటిని. ఇంగ్లండులోని ససెక్సు సీమలో గోలీలు లెంతు దినముల ఆట. భస్మ బుధవారమున మొదలై మంచి శుక్రవారముతో ముగియునట. అక్కడి టిన్స్లీ గ్రీన్ అను ఊరిలో 1932 నుండి మంచి శుక్రవారమున పోటీలు జరుగుచు వచ్చినవి. ఆరడుగుల వలయములో 49 గోలీలుంచి ఆడుదురు. అచ్చటను మెటిక నేలకు ఆనియే యుండవలెను.

ఈ మాటకు తోబుట్టువు “నకిల్ అండర్”. లోబడుట అని దాని అర్థము. పూర్వము నకిల్ అను పేరు దేహములోని ఏ కీలుకైనను చెల్లెను గనుక, ఇది మోకాలు వంచుటనుండి వచ్చెనని కొందరందురు.

ఆ యేడు చివరి పరీక్షలో నేను గట్టెక్కితిని. వేసవిలో ఇంటికి వచ్చినవాడనై, నాయన చేనిలో కలుపు తీయుచుండగా ఆయన యొద్దకు పోయి నా అబద్ధము ఒప్పుకొంటిని. ఆయన తల యెత్తకయే, “ఆ దినమే సంఘ పంతులుగారు చదివి చెప్పినారు. నీ నోటనే వినవలెనని ఊరకుంటిని” అనెను. నేను మాష్టరుగారు చెప్పిన అర్థము వినిపించితిని. నాయన ప్రక్కనున్న సాలు చూపి, “నిలువుగా నిలబడి కలుపు తీయగలమా? వంగు” అనెను. నేను వంగితిని.

సహోదరులారా, మొగము గంభీరముగా పెట్టుకొనుట సులభము. చేయి నేలవరకు దించుట కష్టము. నేడు ముసలితనములోను నా చేయి పలుమారు పైకి లేచుచుండును. అప్పుడెల్ల ఆ సాలులో వంగియున్న నాయన నాకు జ్ఞాపకము వచ్చును.