మెడ మాట వినదండీ

ఏవండీ, వడియాలు పెట్టడం అయిందా? ఇలా గోడ దగ్గరికి రండి. నిద్ర పట్టడం లేదని మొన్న అన్నారు కదా, అప్పట్నుంచీ చెబుదామనే చూస్తున్నా.

డాలస్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు నాకూ అంతే. రాత్రి రెండింటికి లేచి కూచునేదాన్ని. చూసి చూసి ఓ రోజు అదే నన్ను ఫ్లోట్ ట్యాంకుకి తీసుకెళ్ళింది. మంచమంత తొట్టె, పైన మూత. నీళ్ళు అడుగు లోతు కూడా ఉండవు. కానీ అందులో నాలుగైదు వందల కిలోల ఎప్సమ్ సాల్ట్ కలుపుతారట! అదేనండీ, మెగ్నీషియం సల్ఫేటు. పత్తి ఆకు ఎర్రబడితే మీ మరిది పిచికారీ చేస్తాడే, అదే. అంత ఉప్పులో మునుగుదామన్నా మునగం. నీళ్ళూ ఒంటి వెచ్చదనంలోనే, 35 డిగ్రీల దగ్గర ఉంటాయి. కాసేపటికి ఒళ్ళేదో నీళ్ళేవో తెలీదు.

అన్నట్టు, నా వేలికి గులాబీ ముల్లు గీరుకుని ఉంది. దానికి ముందే వాజలైన్ రాయించారు, లేకపోతే ఆ ఉప్పుకి ఒకటే మంట.

ఇలాంటి తొట్టె మొదట కట్టింది జాన్ లిల్లీ అనే డాక్టరు, 1954లో. వెలుగూ చప్పుడూ అందకపోతే మెదడు నిద్రపోతుందా, మేలుకునుంటుందా అని చూడ్డానికట. తర్వాత గ్లెన్ పెర్రీ అనే ఆయన వీటిని తయారుచేసి అమ్మే కంపెనీ పెట్టి, దానికి ఏం పేరు పెట్టాడనుకున్నారు? సమాధి! భయపడకండి, యోగులు చెప్పే సమాధే.

నాకైతే ఒళ్ళంతా తేలింది గానీ, మెడ మాత్రం వదల్లేదండీ. నీళ్ళు మోస్తాయని నమ్మడానికి దానికి పావుగంట పట్టింది. మీదీ అంతే. మధ్యాహ్నం వరండాలో మడతకుర్చీలో కునుకు తీసేటప్పుడు కూడా భుజాలు చెవులదాకా లాక్కునే ఉంటారు. ఇక్కణ్ణుంచి కనిపిస్తారు లెండి.

మెడ వదిలాక నా గుండె చప్పుడు నాకే వినిపించింది. ఇన్నేళ్ళూ నాతోనే ఉంది, ఎప్పుడన్నా విన్నానా! ఆ రాత్రి ఆరింటిదాకా పడుకున్నా. రెండోసారి వెళ్ళినప్పుడు అంత నిద్ర పట్టలేదు, ఉన్నమాట చెప్పాలిగా. అయినా 2018లో అమెరికాలోనే టల్సా అనే ఊళ్ళో 50 మందిని ఇలాగే గంటసేపు తేలించి చూస్తే ఆందోళన బాగా తగ్గిందట. అలాగని మీ డాక్టరిచ్చిన మాత్ర మానేసేరు!

ఈ రాత్రికి తువ్వాలు చుట్టి మెడ కింద పెట్టుకోండి. తల బరువంతా దానికి వదిలెయ్యండి. పొద్దున పాలపాకెట్టుకి వచ్చినప్పుడు అడుగుతా.