నర్సుకు చెప్పండి

కీమోథెరపీ తీసుకునేవారు డాక్టరు ఎదుట కూర్చునేది కొన్ని నిమిషాలే. మందు ఎక్కినంతసేపూ గంటల తరబడి కనిపెట్టుకుని ఉండేది నర్సు. నేను "ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగానే ఉన్నానండీ" అన్నవారే, నోటిపూతతో రెండు రోజులుగా అన్నం ముట్టలేదని నర్సు దగ్గర చెప్పుకునేవారు. ఆ మాట ఆమె ద్వారా తెలిసినందువల్లనే చికిత్సను సరిదిద్దగలిగిన సందర్భాలు నాకెన్నో ఉన్నాయి.

డాక్సోరూబిసిన్ వంటి ఎర్రమందు రక్తనాళం వెలుపలికి కారితే చర్మం పుండు పడుతుంది. అందుకే సూది సరిగా ఉందో లేదో నర్సు పదేపదే చూస్తారు. కానీ మంట ముందుగా తెలిసేది మీకే. ఓర్చుకోకండి, వెంటనే పిలవండి.

కీమో తరువాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అత్యవసరమే. పారాసిటమాల్ వేసుకుని తెల్లవారేదాకా ఆగితే ప్రాణాపాయం కలగవచ్చు.

కనుక ఇంటికి బయలుదేరే ముందు నర్సును తప్పక అడగండి: "అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?" ఆ నంబరు ఇంట్లో అందరికీ కనబడేచోట రాసి పెట్టుకోండి.