పనికిరాదన్న విమానం



నిర్మల్‌లో మా ఇంటి గూట్లో పొనికి చెక్కతో చేసిన జామపండు, సీతాఫలం, చిలుక, లేడిపిల్ల ఉన్నాయి. వాటి నడుమ జానెడైనా లేని యుద్ధ విమానం ఒకటి ఉంది. దాని ఎడమ రెక్క కొస కొంచెం మందంగా ఉంటుంది. ఇంటికి వచ్చినవారు అది చూసి అడిగినప్పుడెల్లా మేము చెప్పే సంగతినే ఈ నెల మీతో పంచుకొంటున్నాము.

అది నాట్ అనే విమానపు నమూనా. ఇంగ్లండులో రూపొందిన ఈ చిన్న విమానాన్ని బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో కూడా తయారు చేశారు. అసలు విమానం పొడవు సుమారు 8.7 మీటర్లు. మా ఇంట్లోని నమూనా అందులో 72వ వంతు, అంటే 12 సెంటీమీటర్లు. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ విమానాశ్రయంపై పాకిస్తాన్ సేబర్ విమానాలు దాడి చేస్తుండగా, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్ నాట్‌లో పైకి లేచి, తనకంటె ఎక్కువమందిని ఎదిరించి ప్రాణమిచ్చాడు. మరణానంతరం ఆయనకు పరమవీరచక్ర లభించింది. ఆయన పేరులో మా ఊరి పేరు ఉండడం వలన మా అబ్బాయికి చిన్ననాటి నుండి ఆ విమానమంటే ప్రాణం. "నేను గూడ పైలట్‌నైత" అనేవాడు.

పదో తరగతి చదువుతుండగా వాడికి కళ్ల పరీక్ష చేయించాము. రంగు చుక్కల పుస్తకం చూపితే అందులోని అంకెలు చదవలేకపోయాడు. ఎరుపు, ఆకుపచ్చ వాడికి సరిగా వేరుగా కనిపించవు. వాయుసేన పైలట్‌కు ఈ లోపం ఉండకూడదు. ఇది సాధారణంగా తల్లి ద్వారా కొడుకుకు వస్తుందని డాక్టరు చెప్పినప్పుడు మాలో ఒకరు ఆ రాత్రంతా నిద్రపోలేదు.

పిల్లవాణ్ణి సంతోషపెట్టాలని దుబాయిలో పనిచేసే వాడి మేనమామ సెలవుకు వస్తూ ఆ విమానం కిట్ తెచ్చాడు. పెట్టె విప్పి చూస్తే అన్నీ లోపాలే. విమానపు పొట్ట రెండు సగాలు ఒకదానితో ఒకటి కలవలేదు; నడుమ గోరు దూరేంత సందు. ఎడమ రెక్క కొసకు ప్లాస్టిక్ పారక మొండిగా మిగిలింది. గుర్తుల కాగితం నీళ్లలో వేయగానే ముక్కలు ముక్కలైంది. "లోపముతో పుట్టిన వస్తువు ఎందుకు? పనికిరాదు, అవతల పారేయి" అన్న మాట మా నోట వచ్చింది. ఇద్దరిలో ఎవరు అన్నామన్నది ముఖ్యం కాదు, ఆ తలపు ఇద్దరికీ ఉన్నదే.

వాడు తల వంచుకొని అడిగాడు: "బాపూ, అవ్వా, నేను గూడ గట్లనే పుట్టిన గదా?"

మేము అవాక్కయ్యాము. "ఛ, అదేం మాట బిడ్డా! దేవుడు ఇంకో దారి చూపిస్తడు" అని గబగబా ఏవో చెప్పాము. అన్నీ మంచి మాటలే. వాడికి ఒక్కటీ అంటలేదు. మూడు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

నాలుగో రోజు వాడే ఆ ముక్కలు పట్టుకొని, మా వాడలో బొమ్మలు చేసే పెద్దాయన దగ్గరికి పోయాడు. మేమూ వెనుకనే వెళ్లాము. నిర్మల్ బొమ్మను ఒకే కట్టెలో చెక్కరు. తల, కాళ్లు, రెక్కలు విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి లప్పం చేస్తారు. దానితో అతుకులు కప్పి, ఎండబెట్టి, సుద్ద పూసి, ఆ తర్వాతనే రంగులు వేస్తారు.

అబ్బాయి ఆ లప్పాన్ని విమానపు సందులో నింపాడు. ఎండగానే అది పెచ్చులుగా ఊడి వచ్చింది. పెద్దాయన నవ్వి, "నున్నగున్నదాని మీద లప్పం నిలువది బిడ్డా. ఉప్పు కాగితంతోని జర గరుకు చెయ్యి, అప్పుడు పట్టుకుంటది" అన్నాడు. వాడు అంచులు రుద్ది, మళ్లీ పలుచగా పూశాడు. ఈసారి నిలిచింది. రెక్క కొసకు పొనికి చెక్క ముక్కను వాడే చెక్కి అతికించాడు. అది మెత్తని, తేలికైన చెక్క. మరీ పలుచగా చేస్తే విరుగుతుంది. అందుకే అక్కడ కొంచెం మందం.

ఆ మాట మమ్మల్ని ఇంటిదాకా వెంబడించింది. మేము చెప్పిన ఓదార్పు కూడా నున్నని చోట పూసిన లప్పమే కదా! మా తప్పు ఒప్పుకోకుండా పైపైన పూశాము. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో యిర్మీయా 18వ అధ్యాయం చదివాము. కుమ్మరి చేతిలో పాత్ర చెడిపోయినా, అతడు ఆ మన్నును పారవేయక దానితోనే మరొక పాత్ర చేసిన సంగతి అందులో ఉంది. చదివిన తర్వాత ప్రార్థనకు ముందే మేమిద్దరము మా బిడ్డను క్షమించమని అడిగాము. తలిదండ్రులకు అది తేలిక కాదు. గుండె గరుకైంది. వాడు ఏడ్చాడు, మేమూ ఏడ్చాము. ఆ తర్వాత చెప్పిన మాటలు వాడికి అంటాయి.

విమానానికి వెండి రంగు వేశాడు. మన వాయుసేన గుర్తు మూడు వలయాలు: బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. చెల్లెలు రంగు సీసాల మూతలపై పేర్లు రాసి ఇచ్చింది. అవి చదువుకొంటూ చిన్న కుంచెతో వాడే గీశాడు.

వాడు పైలట్ కాలేడు. ఏమి కావాలో ఇంకా నిశ్చయించుకోలేదు. మేము తొందరపెట్టడం లేదు.

ప్రియ తలిదండ్రులారా, మన ఇండ్లలో మార్కులు తగ్గిన బిడ్డను, కాలో కన్నో సరిగా లేని బిడ్డను కోపంలో ఎన్ని మాటలంటాము! ఆ మాట వాళ్ల హృదయంలో దిగితే పై పూతలతో పోదు. ఈ వారమే అట్టి బిడ్డను పిలిచి, ముందు మన తప్పు ఒప్పుకొందాము. తరువాత దేవుని మాట చెబుదాము. చెడిన పాత్రను విడువని ఆ ప్రభువు నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.